పామేరియన్‌కు ఒక ఈత పెట్టిస్తే కోపం తగ్గుతుందా? (కడప)

కడప_చిన్నక్క | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లి వైపు. మా ఇంట్లో చిట్టి అని ఒక తెల్ల పామేరియన్ ఉంది. వయసు 14 నెలలు, బరువు 2 కిలోల 900 గ్రాములు. 35 రోజుల పిల్లగా తెచ్చుకున్నాం. "టాయ్ పామ్, ఇంతకు మించి పెరగదు" అని చెప్పి ఇచ్చారు.

నాతో, మా ఆయనతో ప్రాణంగా ఉంటుంది. వేరే ఎవరు వచ్చినా మంచం కిందికి దూరి గుర్రుమంటుంది. చెయ్యి చాపితే కొరుకుతుంది. పోయిన నెల మా ఆడబిడ్డ కొడుకును కరిచింది. వాడికి ఆరేళ్లు. రక్తం వచ్చింది. చిట్టికి టీకాలన్నీ వేయించాం, అయినా వాడికి రేబిస్ ఇంజెక్షన్ల కోర్సు పూర్తిగా ఇప్పించాం. ఆ రోజు నుంచి ఎవరైనా తలుపు కొడితే నాకు టెన్షన్.

ఇప్పుడు రెండోసారి ఎదకు, అంటే హీట్‌కి వచ్చింది. చిట్టిని మాకు ఇచ్చినాయన ఫోన్ చేశాడు. తన దగ్గర 1 కిలో 600 గ్రాముల టీకప్ మగకుక్క ఉందట. క్రాసింగ్ చేయిస్తే అన్నీ గుప్పెట్లో పట్టే పిల్లలే పుడతాయట. డబ్బు వద్దు, ఒక పిల్లను ఇస్తే చాలన్నాడు. "తల్లయితే మెత్తబడుతుంది, కోపం దానంతట అదే పోతుంది" అన్నాడు. మా అత్తమ్మ కూడా ఆడజీవిని అట్లా ఊరికే ఉంచితే పాపం అంటోంది. చేయించొచ్చా? రెండు రోజుల్లో చెప్పమన్నాడు.

గండికోట_కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:58

చేయించండి అక్కా. టీకప్ పిల్లలకు బెంగళూరులో మంచి రేటు ఉంది. పుడితే నాకొకటి చెప్పండి, మా చెల్లెలు ఎప్పటి నుంచో అడుగుతోంది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) | ఆదివారం, రాత్రి 11:15

అమ్మా, ఆయన పెట్టిన రెండు రోజుల గడువును పక్కన పెట్టండి. ఈ హీట్ పోతే ఆరు నెలలకు ఇంకోటి వస్తుంది.

నేను ఇరవై ఏళ్లుగా చిన్న జాతి కుక్కలను పెంచుతున్నాను, షోలకు తిప్పుతున్నాను. మా ఇంట్లో ఇప్పటిదాకా తొమ్మిది ఈతలే అయ్యాయి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ఈత పెడితే కోపం తగ్గడం నేను చూడలేదు. పిల్లల దగ్గరికి ఎవరినీ రానివ్వని తల్లిని మాత్రం చాలాసార్లు చూశాను. చిట్టిది కోపం కాదమ్మా, భయం. మంచం కిందికి దూరేది భయపడిన కుక్కే. అక్కడికీ చెయ్యి వస్తే కరవడం తప్ప దానికి ఇంకో దారి లేదు.

ఆ భయం రెండు దారుల్లో పిల్లలకు వస్తుంది. ఒకటి రక్తంలో. రెండోది పెంపకంలో. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. గ్యాస్ బండ చప్పుడు, కుక్కర్ విజిల్, గడ్డం ఉన్న మనిషి, చీర కట్టుకున్న మనిషి, పిల్లల అరుపులు, అన్నీ ఆ వారాల్లో మామూలైపోవాలి. ఆ వయసులో తలుపు చప్పుడుకు తల్లి వణికితే పిల్లలు తల్లిని చూసి వణుకు నేర్చుకుంటాయి. మీ చిట్టిని 35వ రోజునే తల్లి నుంచి, తోడబుట్టిన వాటి నుంచి విడదీశారు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పో పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ నేర్చుకుంటాయి. ఆ చదువు దానికి దొరకలేదు. తప్పు మీది కాదు, దానిదీ కాదు.

మన సీమవాళ్లకు తెలిసిన మాటలో చెప్తాను. విత్తనానికి బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, ఏరేటప్పుడు నాసికాయను పక్కన పడేస్తాం. అది వండుకోవడానికి పనికొస్తుంది, విత్తనంలో మాత్రం కలపం. చిట్టి మీ ఇంట్లో రాణిలా బతకడానికి ఏ అడ్డూ లేదు. విత్తనానికి మాత్రం వద్దు.

ఇక టీకప్ సంగతి. కుక్క జాతుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ పామేరియన్‌కు 97వ నంబరు ప్రమాణంలో కొలత రాసింది. భుజం దగ్గర ఎత్తు 21 సెంటీమీటర్లు, అటూ ఇటూ 3. బరువు ఆ ఎత్తుకు తగ్గట్టు ఉండాలి. టీకప్ అనే మాట అందులో లేదు, ఏ జాతి ప్రమాణంలోనూ లేదు. అది అమ్మేవాళ్లు పుట్టించిన మాట. అదే ప్రమాణంలో స్వభావం గురించి కూడా ఉంది: పిరికిగా ఉండకూడదు, దూకుడుగానూ ఉండకూడదు. మరీ బెదిరే కుక్కను, మీదికొచ్చే కుక్కను షో నుంచే తీసేస్తారు. చిన్న జాతులను టేబుల్ మీద నిలబెట్టి జడ్జి పళ్లు చూస్తాడు, ఒళ్లంతా తడుముతాడు. బొచ్చు ఎంత అందంగా ఉన్నా సరే, అక్కడ కరిచిందా, ఇంటికి పంపిస్తారు. బొచ్చు, ముఖం, తోక అని అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం ప్రమాణం మొత్తంలో ఈ ఒక్క వాక్యమే ముఖ్యం.

సీమ_పశువైద్యురాలు | సోమవారం, ఉదయం 6:50

పెద్దాయన స్వభావం సంగతి చెప్పారు. నేను శరీరం సంగతి చెప్తాను.

చిన్నక్క గారూ, చిట్టి పరుగెత్తేటప్పుడు వెనక కాలు ఒకటి పైకెత్తి మూడు నాలుగు అడుగులు కుంటి, మళ్లీ ఏమీ జరగనట్టు దించుతుందా? గమనించండి. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం చాలా మామూలు. నాలుగు గ్రేడ్లుగా చెప్తాం. ఒకటో గ్రేడ్‌లో చేత్తో తోస్తేనే జారుతుంది, నాలుగో గ్రేడ్‌లో ఎప్పుడూ జారిపోయే ఉంటుంది. ఇది వంశంలో వచ్చేది, కాబట్టి క్రాసింగ్‌కు ముందు తల్లికి, తండ్రికి ఇద్దరికీ మోకాళ్లు చూపించాలి. ఎక్స్‌రే కూడా అక్కర్లేదు, చేత్తో చూస్తే అయిదు నిమిషాల పని. ఎవరూ చేయించరు, అదే నా బాధ.

1 కిలో 600 గ్రాముల మగకుక్క అన్నారు. దాని నడినెత్తిన మెల్లగా వేలు పెట్టి చూడమనండి. చంటిబిడ్డకు మాడు ఉన్నట్టు మెత్తగా తగిలితే పుర్రె మూసుకోలేదని అర్థం. పామేరియన్‌లోనూ చివావాలోనూ ఎఫ్‌సీఐ ప్రమాణం ప్రకారం అది అనర్హత. మగకుక్కకు రెండు వృషణాలూ కిందికి దిగాయో లేదో చూడాలి. చిన్న జాతుల్లో ఒకటి పొట్టలోనే ఉండిపోవడం తరచూ చూస్తాం. అది కూడా పిల్లలకు వస్తుంది.

తండ్రి చిన్నదైతే పిల్లలన్నీ చిన్నవే పుడతాయని రాసిపెట్టి లేదు. ఇంత చిన్న తల్లికి ఒకటో రెండో పిల్లలుంటాయి. ఒక్కటే ఉంటే అది కడుపులో బాగా పెరుగుతుంది, తల పెద్దదవుతుంది, దారిలో ఇరుక్కుంటుంది. 63 రోజులు నిండాక అర్ధరాత్రి సిజేరియన్ కోసం ఎక్కడికి పరుగెత్తాలో ముందే తెలిసి ఉండాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి మీకు కొంత నయం.

కాన్పు అయ్యాక ఇంకో గండం. ఆవుకు పాలజ్వరం వచ్చినట్టే చిన్న కుక్కకూ వస్తుంది, ఎక్కువగా ఈనిన రెండు మూడు వారాలకు. పాలలోకి కాల్షియం పోయి తల్లి రక్తంలో తగ్గిపోతుంది. మొదట ఎగపోత, తర్వాత వణుకు, కాళ్లు కొయ్యబారడం, ఫిట్స్. గంటల్లో ప్రాణం పోతుంది. ఇది రాకూడదని చాలామంది చూలు నిలిచిన రోజు నుంచే కాల్షియం సిరప్ పోస్తారు. దయచేసి అలా చేయకండి. ముందు నుంచీ బయటి నుంచి పోస్తే, ఎముకల్లోని కాల్షియాన్ని తీసుకునే పని ఒంటికి మందగిస్తుంది. పాలిచ్చే రోజుల్లో అవసరం పడ్డప్పుడు అది అందదు.

మీ అత్తమ్మ గారికి నా తరఫున చెప్పండి. పిల్లలు లేవని కుక్క దిగులుపడదు. కానీ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ లేకుండా వయసు మీదపడితే గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. ఆ బాధ మాత్రం నిజమైనది.

అనంత_కెన్నెల్ (అనంతపురం) | సోమవారం, మధ్యాహ్నం 2:20

అందరూ అమ్మేవాళ్ల మీద పడుతున్నారు. నేనూ అమ్మేవాడినే. షిట్జూ, పామ్, పగ్ చేస్తాను. ఇల్లు దీంతోనే గడుస్తుంది.

వచ్చినవాళ్లు నన్ను ఏమడుగుతారో చెప్పనా? తల్లిని చూపించమని పదిమందిలో ఒక్కరు కూడా అడగరు. "ఇంకా చిన్నది లేదా అన్నా" అంటారు. రెండు నెలలు నిండిన పిల్లను చూపిస్తే "పెద్దదైపోయిందే, ముద్దు పోయింది" అని వెనక్కి పోతారు. 30 రోజులదాన్ని పక్క వీధివాడు ఇస్తాడు, అక్కడికి పోతారు. పిల్లను ఇంకో నెల ఉంచితే తిండి, టీకా, నులిపురుగుల మందు, అన్నీ నా మీదే. పెద్దాయన ఇరవై ఏళ్లలో తొమ్మిది ఈతలు అన్నారు. అది సరదా కోసం పెంచుకునేవాళ్లకు కుదురుతుంది సార్. నాలాంటోడికి కుదరదు.

ఇంకో మాట. నా కుక్కలన్నిటికీ కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశం కాగితాలున్నాయి. ఛాంపియన్ లైన్. కాగితం ఉన్నదాన్ని కూడా తప్పు పడితే ఎట్లా?

తుంగభద్ర_ఒడ్డు | సోమవారం, రాత్రి 8:30

తమ్ముడూ, నువ్వు దాచుకోకుండా రాసినందుకు సంతోషం. నా మాట నిన్ను నొప్పించి ఉంటే మన్నించు.

కాగితం గురించి ముందు చెప్తాను. కేసీఐ కాగితంలో తల్లి, తండ్రి, తాత, ముత్తాత పేర్లు ఉంటాయి. మోకాలు ఎలా ఉందో, కొత్త మనిషిని చూస్తే ఏం చేస్తుందో అందులో ఉండదు. అది మనమే చూసుకోవాలి. ముత్తాత ఛాంపియన్ అయినంత మాత్రాన మునిమనవడికి ధైర్యం రాదు.

రెండు నెలల సంగతి నా ఇష్టమూ కాదు, నీ ఇష్టమూ కాదు. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నియమాలు తెచ్చింది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కకు క్రాసింగ్ చేయించకూడదు. ఏడాదికి ఒక ఈత మించకూడదు. మైక్రోచిప్ వేయాలి. పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 14 నెలల చిట్టికి ఈ సంబంధం అడగడమే తప్పు.

ఆ నాలుగు వారాల ఖర్చు నిజమే, కాదనను. అయితే ఆ నాలుగు వారాల్లో నువ్వు చేయగలిగింది చాలా ఉంది. రోజూ అయిదు నిమిషాలు ఒక్కో పిల్లను వేరుగా ఎత్తుకో. పాదాలు, చెవులు, నోరు ముట్టుకో. పక్కింటి పిల్లలను పిలిచి కింద కూర్చోబెట్టు. దువ్వెన అలవాటు చెయ్. అట్లాంటి పిల్ల కొన్నవాడింట్లో వారంలోపే కలిసిపోతుంది. ఆ ఇంటికి వచ్చిన చుట్టం "యాడ తెచ్చినారు" అని అడుగుతాడు. నాకు అమ్మకాలు అట్లాగే వచ్చాయి, ప్రకటన వేసి కాదు.

పగ్_అమ్మ_కర్నూలు | సోమవారం, రాత్రి 10:05

నేను ఈ చర్చలో మాట్లాడకూడదనుకున్నా. పగ్ పేరు వచ్చాక ఆగలేకపోయా.

2003 ప్రాంతంలో టీవీలో పగ్‌తో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చినప్పుడు నేను చిన్నపిల్లను. పెద్దయ్యాక పగ్ పెంచుకోవాలన్నది అప్పటి కోరిక. ఉద్యోగం రాగానే తెచ్చుకున్నా. పేరు గుండు. దాని స్వభావం బంగారం. ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ తన కోసమే వచ్చాడనుకునేది. నిద్రలో గురక పెడితే అందరం నవ్వేవాళ్లం. వీడియోలు తీసేవాళ్లం. అది గాలి కోసం పడే కష్టమని ఎవరూ చెప్పలేదు.

మే నెలలో ఒకరోజు ఉదయం తొమ్మిదికి రాజ్‌విహార్ దగ్గరి నుంచి ఇంటికి నడిపించుకుని వస్తున్నా. కర్నూలు మే ఎండ మీకు తెలుసు, తొమ్మిదికే రోడ్డు కాలుతుంది. దారిలో కూర్చుండిపోయింది. నాలుక నీలం రంగులోకి తిరిగింది. నీళ్లు పోశాను, ఆటో ఎక్కించాను. ఆస్పత్రి గేటు దగ్గర నా ఒడిలోనే పోయింది. నాలుగేళ్లు.

తర్వాత డాక్టర్ వివరించారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఎగపోస్తేనే వేడి పోతుంది. ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి పొడుగు. ఎగపోసే దారే ఇరుకు.

పెద్దాయనా, మీరంటే గౌరవం ఉంది. కానీ ఒక్కటి అడుగుతా. పగ్‌కు చదును ముఖం ఉండాలని రాసింది ఆ ప్రమాణమే కదా? నా గుండును చంపింది ఆ ప్రమాణం కాదా?

తుంగభద్ర_ఒడ్డు | సోమవారం, రాత్రి 11:50

అమ్మా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. పగ్ ప్రమాణంలో ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకుని ఉండాలనే రాశారు. నొక్కుకుపోయిన ముక్కును, ముక్కు మీద బరువుగా పడే ముడతను ఒప్పుకోకూడదని ఉంది. కళ్లు బయటికి పొడుచుకు రాకూడదని ఉంది. కానీ ఆ మాటలు కాగితం మీద ఉండగానే, ముఖం ఇంకా ఇంకా చదునైన కుక్కలకే ఏళ్ల తరబడి కప్పులు ఇచ్చారు. ఇంగ్లండులో 2012 క్రఫ్ట్స్ ప్రదర్శనలో జాతిలో మొదటి స్థానం వచ్చిన పెకినీస్, బుల్‌డాగ్ పశువైద్యుల పరీక్షలో నిలవలేదు. ఆ స్థానం దాకా వాటిని తెచ్చింది మాలాంటివాళ్లే. ప్రమాణాన్ని మేం సరిగ్గా చదవలేదు, చదివినా పాటించలేదు. అందులో నా వంతు తప్పు ఉంది.

పగ్_అమ్మ_కర్నూలు | మంగళవారం, ఉదయం 7:10

నెదర్లాండ్స్‌లో ముక్కు కనీసం తల పొడవులో మూడో వంతైనా లేని కుక్కకు క్రాసింగ్ చేయించకూడదని 2019లో గట్టిగా పట్టుకున్నారు. మన 42 డిగ్రీల ఎండలో ఆ నియమం ఇంకా ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం. ఈ ఊళ్లో అసలు పగ్ పెంచకూడదు అంటాను నేను.

సీమ_పశువైద్యురాలు | మంగళవారం, ఉదయం 7:45

నేను అంత దూరం పోను. ఇప్పటికే ఇళ్లలో ఉన్న పగ్‌లు ఉన్నాయి, వాటిని చూసుకోవాలి. బరువు పెరగనివ్వకండి, వేసవిలో ఉదయం ఆరు లోపే నడక, మెడకు బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్. పామేరియన్‌కూ ఇదే చెప్తా. వాటి గాలిగొట్టం మెత్తబడి చదును కావడం ఉంది, బాతు అరిచినట్టు దగ్గుతాయి. కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ముక్కు రంధ్రాలు చూడకుండా కొనొద్దనే చెప్తాను.

గండికోట_కుర్రోడు | మంగళవారం, సాయంత్రం 6:30

నేను మొదట తొందరపడి రాశాను, క్షమించండి అక్కా. ఒక సందేహం. మా ఊళ్లో చిన్నప్పటి నుంచి పామేరియన్ అని పిలిచే తెల్ల కుక్కలు ఆరేడు కిలోలుంటాయి, ఎండలో హాయిగా తిరుగుతాయి. అవి పామ్ కాదా?

తుంగభద్ర_ఒడ్డు | మంగళవారం, రాత్రి 9:00

అవి ఇండియన్ స్పిట్జ్ బాబూ. మన దేశంలో స్థిరపడి మన ఎండలకు అలవాటైన కుక్క. అందరం పామేరియన్ అనే పిలుచుకున్నాం. అసలు పామేరియన్ కూడా ఒకప్పుడు ఇంత చిన్నది కాదు. విక్టోరియా రాణి 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కొన్న మార్కో బరువు సుమారు అయిదున్నర కిలోలు. దాన్ని చూసే చిన్నవాటి మీద మోజు పెరిగింది. మీ చెల్లెలికి కుక్కే కావాలంటే ఒక మంచి ఇండియన్ స్పిట్జ్ పిల్లను, తల్లిని చూసి, రెండు నెలలు నిండాక తెచ్చివ్వు. కిలోన్నర టీకప్ వద్దు. అట్లాంటి పిల్ల రెండు పూటలు సరిగా తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి తూలి పడుతుంది. సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది.

అనంత_కెన్నెల్ | బుధవారం, రాత్రి 10:40

పగ్ అక్క రాసింది చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు.

డాక్టరమ్మ చెప్పిన పాలజ్వరం నా ఇంట్లోనూ జరిగింది. రెండేళ్ల కిందట నా పామ్ ఆడది, ఈనిన పదిహేడో రోజు. నేనే సిరప్ పోశాను, మొదటి నెల నుంచి. మంచిదనుకునే పోశాను. మూడు పిల్లలను సీసా పాలతో పెంచాల్సి వచ్చింది. అందులో ఒక మగది మా ఇంట్లోనే మిగిలింది. కిలో 700. దానికి ఇప్పటిదాకా నాలుగు క్రాసింగ్‌లు చేశాను.

ఈ రోజు దాని నెత్తిన వేలు పెట్టి చూశాను. మెత్తగా ఉంది.

కడప_చిన్నక్క | శనివారం, సాయంత్రం 5:15

అందరికీ చెప్పాలి కదా, అందుకే వచ్చాను.

చిట్టిని ప్రొద్దుటూరు తీసుకుపోయాం. ఎడమ మోకాలిచిప్ప జారుతోంది, రెండో గ్రేడ్ అన్నారు. మీరు అడిగాక గుర్తొచ్చింది డాక్టర్ గారూ, మెట్లెక్కేటప్పుడు కాలెత్తుతుంది. మేం వయ్యారం అనుకున్నాం. హీట్ అయిపోయాక రెండు మూడు నెలలు ఆగి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దామన్నారు. ఆపరేషన్‌తో భయం పోదని, దాని పని వేరే అని కూడా చెప్పారు. ఎవరైనా వస్తే మంచం కింది నుంచి లాగొద్దన్నారు. అదే బయటికి వచ్చేదాకా ఎవరూ దానివైపు చూడకూడదట. మా ఆడబిడ్డ కొడుకు గది ఆ చివర గోడకు ఆనుకుని కూర్చుని, ఉడకబెట్టిన గుడ్డు ముక్కలు ఒక్కొక్కటే దూరంగా వేస్తున్నాడు. పక్కనే నేనుంటాను. మూడో రోజు తల బయట పెట్టింది. తిని మళ్లీ లోపలికి పోయింది.

చిట్టిని ఇచ్చినాయనకు ఫోన్ చేసి క్రాసింగ్ వద్దని చెప్పేశాను. కోప్పడ్డాడు. మా అత్తమ్మకు డాక్టర్ గారు రాసింది చదివి వినిపించాను. ఏమీ అనలేదు, రాత్రి చిట్టికి పెరుగన్నం తనే కలిపి పెట్టింది.

అనంతపురం అన్నా, మీ మగదాన్ని ఏం చేస్తున్నారు?

అనంత_కెన్నెల్ | శనివారం, రాత్రి 9:25

వచ్చే వారానికి ఒకరికి క్రాసింగ్ మాట ఇచ్చి ఉన్నా అక్కా, అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేశాను. ఇక దానితో చేయించను. అంతకుముందు దానితో క్రాసింగ్ చేయించుకున్న నలుగురిలో ముగ్గురి నంబర్లు ఉన్నాయి, పిల్లలకు మోకాళ్లు, నెత్తి చూపించుకోమని ఫోన్ చేశాను. ఒకాయన తిట్టాడు. ఇద్దరు సరే అన్నారు.

ఇప్పుడున్న షిట్జూ పిల్లలకు అయిదు వారాలు. ఎనిమిది నిండేదాకా ఇవ్వను. ఎట్లా గడుస్తుందో చూడాలి. పెద్దాయనా, ఒక్కో పిల్లకు అయిదు నిమిషాలు అన్నారు కదా, అది తిండికి ముందా, తర్వాతా?

తుంగభద్ర_ఒడ్డు | శనివారం, రాత్రి 9:50

తిండికి ముందు. కడుపు నిండితే నిద్రపోతాయి. ఆదివారం వీలు చూసుకుని నేనే అనంతపురం వస్తాను, టవర్‌క్లాక్ దగ్గర దిగి ఫోన్ చేస్తా. నంబరు విడిగా పంపించు. మగదాన్ని కూడా చూడాలి. పేరేంది దానికి?

అనంత_కెన్నెల్ | శనివారం, రాత్రి 9:52

రాజు. మా నాయన పక్కలోనే పడుకుంటాడు.